బ్రేకు లేని బండి

కొండల్ రావు ఐర్లండులో నేవన్ అనే ఊళ్లో ఉన్న కొడుకింటికి వచ్చినప్పటి నుంచి, ఎవరొచ్చినా టీ కంటే ముందు ఆయన రేసులు వచ్చేవి. సికింద్రాబాదులో బొగ్గు బూడిద పరిచిన మైదానంలో మొట్టమొదట స్పీడ్‌వే మోటారుసైకిల్ నడిపినవాళ్లలో ఆయనొకడు. చుట్టూ ఎడమవైపుకే తిరగాలి, బండికి బ్రేకుండదు. రెండు సీజన్లు తిరిగి, ఒక కప్పు గెలిచి, భుజం విరగ్గొట్టుకుని మానేశాడు. ఆ తర్వాత పింఛను వచ్చేదాకా కరెంటాఫీసులో కూర్చున్నాడు. ఆ ఊసు మాత్రం ఎత్తడు. కప్పు గెలిచిన రోజు తక్కినవాళ్లంతా కిందపడ్డారని కోడలు జయశ్రీ చెవిలో అత్తగారు ఎప్పుడో వేసింది.

జయశ్రీకి డ్రైవింగ్ లైసెన్సు కావాలి. భర్త కృష్ణప్రసాద్ తెల్లారకుండానే బస్సెక్కి శాండీఫోర్డ్ ఆఫీసుకు పోతాడు. కారు వాకిట్లో తడుస్తూ ఉంటుంది. పాపకు జ్వరమొస్తే ఆ వానలోనే జీపీ డాక్టరు దగ్గరికి పాపను కూర్చోబెట్టిన బండి నెట్టుకుంటూ పోవాలి. మాస్టరును పెట్టమంటే కృష్ణప్రసాద్ నవ్వాడు.

"ఇంట్ల ఛాంపియన్‌ను పెట్టుకొని బయట మాస్టరెందుకు? నాయన పక్కన కూసుంటడు."

ఛాంపియన్ కూర్చున్నాడు. "బ్రేకు మీద కాలెందుకు బిడ్డా? అది పిరికోళ్లకు. మలుపుల స్పీడు తగ్గిస్తే బండి మన మాట ఇనది."

రోజూ ఇదే పాట. టెస్టునాడు రౌండబౌట్ దగ్గర ఆమె కాలు బ్రేకు మీద ఆలస్యంగా పడింది. ఫెయిల్.

"భయపడ్డవ్," అన్నాడు కొండల్ రావు. "మా కాలంల నిన్ను ట్రాకు మీదికే రానియ్యకపోదురు."

జయశ్రీ కడిగిన ప్లేట్లు వంటింటి అల్మారాలో సర్దింది. ఆదివారం ఆమే పిలిచింది. "రండి మామయ్యా, ఇవాళ అచ్చంగా మీరు చెప్పినట్టే నడుపుతాను."

ఊరి బయట మూసి ఉన్న ఫ్యాక్టరీల మధ్య ఖాళీ రోడ్డు. మలుపు దగ్గర పడింది. ఆమె కాలు కదపలేదు. పక్కన ముసలాయన కుడికాలు మాత్రం కార్పెట్టును ఎడాపెడా తొక్కుతోంది. ఒక చెయ్యి డాష్‌బోర్డు మీద, ఇంకోటి తలుపు మీద.

"బ్రేకు... బ్రేకు తొక్కు బిడ్డా!"

"మీ వైపు బ్రేకు లేదు మామయ్యా. ఉన్నా అది పిరికివాళ్లకు కదా."

అని, మెత్తగా బ్రేకు వేసి, అంచు తాకకుండా కారు తిప్పింది.

ఇంటికొచ్చాక కృష్ణప్రసాద్ అడిగాడు. "ఎట్ల నడిపింది నాయనా?"

కొండల్ రావు గ్లాసెడు నీళ్లు తాగాడు. "మాస్టరును పెట్టు. రెండు దిక్కుల బ్రేకులున్న కార్లు ఉంటయట వాళ్ల దగ్గర. అసుంటిది చూడు."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చినవాళ్లు రేసుల ఊసు లేకుండా టీ తాగి వెళ్లారు. మర్నాటికి రేసులు మళ్లీ మొదలయ్యాయి. జయశ్రీ అప్పటికే మాస్టరుకు ఫోన్ చేసేసింది.