అందరు చెప్పినంక

కోటేష్ సార్ చెప్పేది వృక్షశాస్త్రం. కానీ ఆ డిగ్రీ కాలేజీలో ఆయన్ని మొక్కల గురించి అడిగేవాళ్ళకన్నా, ఇంటర్వ్యూకి ఏ చొక్కా వేసుకోవాలని అడిగేవాళ్ళే ఎక్కువ. మూడేళ్ళ కిందట ప్రిన్సిపాల్ పిలిచి, "నీ గొంతు పెద్దది కోటేషూ, పిల్లల్ని ఉద్యోగాలకి తయారుచేసే ఈ స్కిల్ సెల్ నువ్వే చూసుకో" అని ఒక గది, ఒక బోర్డు, కాళ్ళూగే కుర్చీలు ఇరవై అప్పజెప్పాడు. ఇంకొకరైతే తాళం వేసి ఊరుకునేవారు. మన సార్ ఊరుకునే రకమా! మర్నాడే గోడ మీద ఎర్ర పెయింటుతో రాయించాడు: "మొదటి అర నిమిషంలో నోరు తెరువు. లేదంటే వెనకబడ్డట్టే."

ఆ మాట ఏ పుస్తకంలోంచీ తేలేదాయన. కుసుమంచి దగ్గర తండా నుంచి హైదరాబాదు పోయి, ఇరవై రెండేళ్ళప్పుడు మొదటి ఉద్యోగం కోసం పదిమంది మధ్య కూర్చుని, పావుగంటలో ఒక్క ముక్క మాట్లాడలేక లేచొచ్చిన మనిషి. తిరుగు బస్సులో ఏడ్చిన ఏడుపు సంగతి తండ్రి బద్యాకి కూడా చెప్పలేదు. తన దగ్గర చదివే పిల్లలెవరికీ ఆ గతి పట్టకూడదని పంతం పట్టాడు. పంతం మంచిదే, కాదనను. కానీ ఆ పంతంలో పడి నాగలక్ష్మిని ఆయన ఆర్నెల్లు తిట్టిపోశాడు.

నాగలక్ష్మి డిగ్రీ మూడో ఏడు. భద్రాచలం అవతల అడవిలో ముప్పై గడపల కోయ గూడెం వాళ్ళది. ఆ గూడెంలో కాలేజీ మెట్టెక్కిన మొదటి పిల్ల. వరద ముంపు ఊళ్ళలో పనిచేసే ఒక సంస్థ ఇద్దరు ఫీల్డ్ కోఆర్డినేటర్ల కోసం కాలేజీకి వస్తోందని తెలిసి, పేరిచ్చిన ఎనిమిదిమందిలో ఆమె ఒకతె. గ్రూప్ డిస్కషన్ ఒక్కటే పరీక్ష. అందులో నెగ్గితే ఉద్యోగం, లేదంటే డిగ్రీ కాగితం సంచిలో పెట్టుకుని మళ్ళీ మిరప కోతలకే. ఆ మాట ఆమే అన్నది, ఏ బాధా లేనట్టు.

అంత తెలిసినా ప్రాక్టీసులో నోరు తెరవదే!

"ఏందమ్మా, బెల్లం కొట్టిన రాయిలెక్క కూసున్నవ్?" అని సార్ ఒంటికాలి మీద లేచేవాడు.

"ఇంకా రమణ చెప్పలే గద సార్."

రమణది గోదావరి ఒడ్డున బూర్గంపాడు, వరద ముంపు ఊరే. నలుగురిలో నిలబెడితే కాళ్ళు వణికే పిల్లవాడు.

"రమణ సంగతి రమణ చూసుకుంటడు! నీ సంగతి నువ్వు చూసుకో. అందరు చెప్పినంక నీకేం మిగుల్తది, మట్టి?"

ఆమె తల దించుకునేది, మళ్ళీ వారం మళ్ళీ అదే. సార్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. ఇట్లా కాదని, ఒక ఆదివారం బండేసుకుని గూడేనికే పోయాడు. తండ్రి చేత చెప్పిస్తే వింటుందని ఆశ.

పోయేసరికి తండ్రి దూలయ్య ఇంటి ముందు పందిరి కింద ఊరంతా కూర్చుని ఉంది. కొత్త బోరు ఎక్కడ వేయాలన్నది మాట. గూడెంలో పెద్దమనిషి దూలయ్యే. మాటలు కోయలో నడుస్తుంటే నాగలక్ష్మి సార్ పక్కన చేరి తెలుగులో చెప్తోంది. ఒకాయన బడి దగ్గర అంటాడు, ఇంకొకాయన చేను గట్టు అంటాడు. దూలయ్య మాత్రం కిమ్మనడు. సార్ గడియారం చూసుకున్నాడు, కాళ్ళు మార్చుకున్నాడు. గంట దాటింది.

చివరికి దూలయ్య, పందిరి బయట కూర్చున్న ముసలి ఎర్రమ్మ వైపు తిరిగి ఏదో అడిగాడు. ఆమె రెండు ముక్కలు చెప్పింది, మెరక మీద వేస్తే బిందెతో తను ఎక్కలేనని. అప్పుడు దూలయ్య మొదలుపెట్టాడు. ఎవరు ఏమన్నారో ఒక్కొక్కరి పేరూ చెప్పి, వాళ్ళ మాట వాళ్ళకు అప్పజెప్పి, బడి వెనక పల్లంలో అని తేల్చాడు. ఇంకెవరన్నా చెప్పేదుందా అని అడిగాడు. ఎవరికీ లేదు, అందరూ లేచారు.

"ఈ ముక్క ముందే చెప్తే గంట కలిసొచ్చేది గద దూలయ్యా!" అన్నాడు సార్.

"ముందే చెప్తే నా ఒక్కని మాట అయితది సారూ. రేపు బోరు చెడిపోతే బాగుచేసుకోవాల్సింది అందరు గద," అని నవ్వాడు దూలయ్య.

సార్ చెవికెక్కితేగా! "అక్కడ గట్ల కుదరదు. ముందు మాట్లాడినోళ్ళకే నౌకరీ. నీ బిడ్డకు జర చెప్పు," అని మరీ మరీ చెప్పి వచ్చేశాడు.

డిస్కషన్ రోజు రానే వచ్చింది. సంస్థ తరఫున జ్యోత్స్న అనే ఆవిడ వచ్చింది. ఎనిమిదిమందిని గుండ్రంగా కూర్చోబెట్టి విషయం చెప్పింది. "గోదావరి పొంగుతోంది. క్యాంపుకి రమ్మంటే జనం ఇల్లు వదలడం లేదు. మీరైతే ఏం చేస్తారు? పదిహేను నిమిషాలు."

సార్‌ని లోపలికి రానివ్వలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ఆవిడ మాట పూర్తయిందో లేదో, శ్రీధర్ మైకులో చాటాలని మొదలెట్టాడు. పడవలు ముందే తెచ్చిపెట్టాలని భార్గవి. ఊరి పెద్దలతో చెప్పించాలని హరిలాల్. ఇంకో ముగ్గురు వాళ్ళ మీదెక్కి అరుస్తున్నారు. ఆరుగురూ అర నిమిషంలోపే నోరు తెరిచారు, సార్ నేర్పిందే మరి! ఎవరి మాట ఎవరికీ వినపడడం లేదు. జ్యోత్స్న మొహంలో విసుగు కిటికీ అవతలికి కనపడుతోంది. నాగలక్ష్మి చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కరి మొహం చూస్తూ కూర్చుంది.

పది నిమిషాలు. పదకొండు. "మాట్లాడమ్మా, తల్లీ," అని సార్ కిటికీ ఊచ పట్టుకుని గొణిగాడు. హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన ఆ బస్సు ఆయనకి మళ్ళీ గుర్తొచ్చింది.

పన్నెండో నిమిషంలో ఆమె చెయ్యెత్తింది. సార్ ప్రాణం లేచొచ్చింది.

"రమణా, నువ్వింకా చెప్పలే. మీ ఇల్లు మునిగింది గద. నువ్వు చెప్పు," అన్నది.

ఓరి దేవుడా! ఉన్న మూడు నిమిషాలూ ఎత్తి వాడి చేతిలో పెట్టింది! సార్ నెత్తి కొట్టుకున్నాడు.

రమణ గొంతు సవరించుకున్నాడు. "మా నాయన గూడ రానన్నడు. రెండు బర్లు, నాలుగు మేకలు ఉండె. మమ్ముల పడవెక్కమన్నరు గానీ వాటి సంగతి ఎవ్వరు అడగలే. వాటినిడిసి ఎట్లొస్తడు?"

అప్పుడు నాగలక్ష్మి మొదలుపెట్టింది.

"శ్రీధర్ చాటాలన్నడు, నిజమే. భార్గవి పడవలన్నది, అవి గూడ కావాలె. పెద్దోళ్ళు చెప్తే వింటరని హరిలాల్ అన్నడు. కానీ రమణ చెప్పింది ముందు జెయ్యాలె. మొదలు పశువులకు మెరక మీద జాగా, మేత చూపియ్యాలె. పెద్దోళ్ళు గా మాట చెప్తరు, మైకులో గదే చాటుతం. పశువులెంట మనుషులొస్తరు, మిగిలినోళ్ళకు పడవలు." అందరినీ ఒకసారి చూసింది. "ఇంకెవరన్న చెప్పేదుందా?"

ఎవరికీ లేదు.

కిటికీ దగ్గర సార్‌కి దూలయ్య పందిరి కళ్ళముందు కదిలింది. ఆర్నెల్లు తను తిట్టింది దేన్నో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఆ సిగ్గుని మించి గర్వంతో ఛాతీ పొంగిపోయింది, కళ్ళు చెమర్చాయి.

గంట తర్వాత జ్యోత్స్న కాగితంతో బయటికొచ్చింది. అందులో రెండు పేర్లు: నాగలక్ష్మి, రమణ.

"ఆ అమ్మాయికి అలా మాట్లాడడం ఎవరు నేర్పారండీ, మీరేనా?"

"నేను గాదు మేడం," అన్నాడు సార్, గొంతు తగ్గించకుండా. "నేను నేర్పింది తతిమ్మా ఆరుగురు చేసిండ్రు."

స్కిల్ సెల్ గదిలోకి పోయి, గోడ మీది ఎర్ర అక్షరాలను కాసేపు చూశాడు. తడిగుడ్డతో రుద్దాడు. పెయింటు కదా, పోతుందా! సున్నం తెమ్మని అటెండర్‌కి చెప్పి, దూలయ్యకి ఫోన్ చేశాడు.

"దూలయ్యా, నీ బిడ్డకు నౌకరీ వచ్చింది!"

అటువైపు నుంచి నెమ్మదిగా, "మంచిది సారూ. మరి అందరు చెప్పినంకనే మాట్లాడిందా?" అని వినపడింది.

"అవ్ దూలయ్యా. అందరు చెప్పినంకనే."

"అయితే నా బిడ్డే," అన్నాడు దూలయ్య.