నూట పద్దెనిమిదో నిమిషం

పధ్నాలుగేళ్ళ ఆటలో హనీఫ్‌ని మధ్యలో బయటికి పిలిచింది ఒక్కసారే. అదీ బాపట్లలో, ఫైనల్లో, ఇంకో రెండు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా.

తెనాలి మార్కెట్ వెనక సందులో అతనికి మోటార్ వైండింగ్ షాపు ఉంది. పొలాల నుంచి కాలిపోయిన మోటార్లు వస్తే విప్పి, మాడిన రాగితీగ తీసేసి కొత్తది చుట్టి ఇస్తాడు. సాయంత్రం ఐదయ్యేసరికి షట్టరు దించి గ్రౌండుకి పోయేవాడు. ఇరవై ఒకటో ఏట టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బుకి గోలీ అయ్యాడు. ముప్ఫై అయిదు వచ్చేదాకా ఆ రెండు కర్రల మధ్య ఇంకొకడు నిలబడిన పాపాన పోలేదు. జ్వరంతో ఆడాడు. చిటికెన వేలు విరిగితే పక్క వేలికి కలిపి కట్టుకుని ఆడాడు.

అప్పట్లో ఆట అంటే అందరికీ అంతే. క్లబ్బు సెక్రటరీ కొండలరావు గారు, రైస్ మిల్లు ఆయన, తను ఆడిన రోజుల గురించి చెప్పేటప్పుడు ప్యాంటు పైకి లాగి మోకాలి మీద మచ్చ చూపించేవారు. ‘‘ఇంత లోతు తెగిందిరా. బయటికి వచ్చానా?’’ అనేవారు. మనిషిని మార్చాలంటే స్ట్రెచరు రావాలి. ఒకడికి బదులు దిగాల్సిన సబ్ అంటే అందరి సంచులు, వాచీలు కాపలా కాస్తూ గట్టున కూర్చునేవాడు. దెబ్బ తగలకుండా ఎవడినైనా పిలిచారంటే, వాడు సరిగ్గా ఆడలేదని ఊరందరి ముందూ చెప్పినట్టే. అలా పిలిపించుకున్న ఫార్వర్డ్ ఒకడు ఆరు నెలలు క్లబ్బు వైపు రాలేదు.

2005లో శ్యాంప్రసాద్ కోచ్‌గా వచ్చాక ఇదంతా మారింది. ఆయన స్కూల్లో డ్రిల్లు మాస్టారు, ముప్ఫై దాటినవాడు, గట్టిగా మాట్లాడని మనిషి. కేబుల్ టీవీలో విదేశీ మ్యాచ్‌లు చూస్తూ, ఎవర్ని ఏ నిమిషంలో దించారో, తర్వాత ఏం జరిగిందో నోటు పుస్తకంలో రాసుకునేవాడు.

‘‘ముగ్గురిని మార్చుకోవచ్చని రూలు ఉంది. మనం ఆ ముగ్గురినీ ఊరికే కూర్చోబెట్టి ఇంటికి తీసుకుపోతున్నాం,’’ అన్నాడు మొదటి రోజే. ‘‘డెబ్భయ్యో నిమిషానికి వాళ్ళ బ్యాకులకి కాళ్ళు లేవవు. అప్పుడు పరిగెత్తేవాడు కావాలి. సబ్ అంటే మిగిలిపోయినవాడు కాదు, దాచిపెట్టుకున్నవాడు.’’

మొదట్లో గొణిగారు. రియాజ్‌ని అరవయ్యో నిమిషంలో పిలిస్తే బనియను విప్పి నేలకేసి కొట్టాడు. కానీ ఆ మార్పులతోనే నాలుగు మ్యాచ్‌లు చివరి పది నిమిషాల్లో గెలిచేసరికి అందరికీ అలవాటైపోయింది. హనీఫ్‌కి మాత్రం ఇదంతా తనకి సంబంధం లేని సంగతి. గోలీని ఎవరు మారుస్తారు? రెండో గోలీగా నౌషాద్ అని వెల్డింగ్ షాపులో పనిచేసే ఇరవై రెండేళ్ళవాడు ఉండేవాడు. పొడుగు చేతులు. హనీఫే వాడికి బంతి మీద పడడం నేర్పాడు.

2007 డిసెంబర్లో బాపట్ల టోర్నమెంటు ఫైనల్‌కి వచ్చారు. ఎదురు ఒంగోలు జట్టు. తొంభై నిమిషాలూ గోలు లేదు. హనీఫ్ ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదని చూసినవాళ్ళు ఇప్పటికీ అంటారు. ఒకసారి ఒంగోలు ఫార్వర్డ్ ఒంటరిగా మీదికొస్తే కాళ్ళ మీద పడి బంతి లాక్కున్నాడు. ఇంకో ముప్ఫై నిమిషాల ఎక్స్‌ట్రా టైం మొదలైంది. శ్యాంప్రసాద్ అప్పటికి ఇద్దరిని మార్చాడు. కుడి బ్యాకు కుంటుతున్నాడు, అయినా మూడో మార్పు చెయ్యడం లేదు. ‘‘ఆ కుంటేవాణ్ణి తియ్యవయ్యా!’’ అని జనం అరుస్తున్నారు.

నూట పద్దెనిమిదో నిమిషంలో బంతి పక్క గీత దాటి బయటికి పోయింది. శ్యాంప్రసాద్ లేచి రెఫరీకి చెయ్యి ఊపాడు. గట్టు మీద ఒకాయన పలక ఎత్తిపట్టుకున్నాడు. దాని మీద, బయటికి రావాల్సినవాడి నంబరు, సుద్దతో ఒకటి అని రాసి ఉంది.

హనీఫ్ ఆ అంకె చూశాడు. పక్కన సున్నానో ఇంకో ఒకటో చెరిగిపోయి ఉంటుందనుకుని ఆగాడు. నౌషాద్ గ్లవ్స్ వేసుకుని గీత దగ్గర గెంతుతున్నాడు. అప్పుడు అర్థమైంది. ఆట ఎటూ తేలక పెనాల్టీలకి పోతోంది. పెనాల్టీలకి తను అక్కర్లేదు.

నడిచాడు. పరిగెత్తమని రెఫరీ సైగ చేస్తే కొంచెం వేగంగా నడిచాడు. నౌషాద్ చెయ్యి చాపితే తట్టాడు. బెంచీ మీద కూర్చున్నాడు. ఎవరో నీళ్ళ సీసా ఇస్తే తాగాడు. ఏడుపు వస్తుందేమోనని చూసుకున్నాడు, రాలేదు. కోపం వస్తుందేమోననుకున్నాడు, అదీ లేదు. పంటి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక బుగ్గ తట్టుకుంటే ఎవరిదో బుగ్గలా ఉంటుందే, అలా ఉంది ఒళ్ళంతా.

నౌషాద్ అయిదింట్లో ఒకటి ఆపాడు. తెనాలి వాళ్ళు రెండు పోగొట్టారు. ఆఖరిది రియాజ్ కొట్టాడు, అది బారు మీదుగా పోయింది. నాలుగు మూడు. ఒంగోలు గెలిచింది.

తిరిగి వచ్చేటప్పుడు పాసింజర్ రైల్లో నౌషాద్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

‘‘భయ్యా, సార్ నాకు పొద్దునే చెప్పారు. నీకు చెప్పొద్దన్నారు.’’

‘‘ఊఁ,’’ అన్నాడు హనీఫ్.

‘‘కోపంగా ఉందా?’’

‘‘లేదురా. ఆ కిటికీ వెయ్యి, చలిగా ఉంది.’’

ఇంటికి వెళ్ళేసరికి కబురు ముందే చేరింది. తల్లి అమీనా బీ గుమ్మంలోనే పట్టుకుంది. ‘‘నిన్ను తీసేశారంట కదరా?’’

‘‘తీశారమ్మా.’’

‘‘దెబ్బెక్కడ తగిలింది?’’ అంటూ రెండు చేతులూ తిప్పి తిప్పి చూసింది, తల తడిమింది. ‘‘ఎక్కడా లేదే?’’

‘‘తగల్లేదమ్మా.’’

‘‘మరెందుకు తీశారు?’’

హనీఫ్ చెప్పులు విప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. భార్య ఖతీజా అత్తని లోపలికి పిలుచుకుపోయి, హనీఫ్‌కి అన్నం పెట్టింది.

ఆ వారమంతా షాపుకి వచ్చిన ప్రతివాడూ అదే మాట. ‘‘నువ్వుంటే కప్పు మనదేనయ్యా, ఆ కోచ్ ముంచాడు,’’ అనేవారు. హనీఫ్ ‘‘అయిపోయిందిలెండి,’’ అని తీగ చుట్టుకుంటూ కూర్చునేవాడు. పనిలో పొరపాటేమీ రాలేదు. చుండూరు రైతుదొక మోటారు మూడు రోజుల పని, రెండు రోజుల్లో అయిపోయింది. గ్రౌండుకి మాత్రం వెళ్ళలేదు. అయిదు గంటలకి షట్టరు దించాలని గుర్తు కూడా రాలేదు.

ఆదివారం ఉదయం కొండలరావు గారి మిల్లు ముందు గదిలో కమిటీ కూర్చుంది. శ్యాంప్రసాద్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నోటు పుస్తకం చేతిలో ఉంది గానీ తెరవలేదు. కమిటీలో పెద్దాయన చెంచురామయ్య గట్టిగా అరిచాడు. ‘‘నూట పద్దెనిమిది నిమిషాలు గోలు పడకుండా కాసినవాణ్ణి తీసేస్తాడా? ఇదేమన్నా టీవీ అనుకున్నాడా? ఈయన్ని పంపించేద్దాం.’’

అందరూ తలలూపారు. కొండలరావు గారు హనీఫ్ వైపు తిరిగారు.

‘‘అవమానం జరిగింది నీకు. కాబట్టి నువ్వే చెప్పు. నువ్వు ఉండుంటే గెలిచేవాళ్ళమా, లేదా?’’

గదిలో అందరూ చూస్తున్నారు. ఒక్క ‘అవునండి’ అంటే చాలు, రేపటి నుంచి గోలు అతనిదే. ఆ సంగతి హనీఫ్‌కి తెలుసు. తెలిసినా అందులో తనకి కావలసిందేదో ఉన్నట్టు అనిపించలేదు.

‘‘నా మీద ఇప్పటిదాకా ముప్ఫై పెనాల్టీలు కొట్టి ఉంటారండి,’’ అన్నాడు. ‘‘నేను ఆపింది రెండు. అందులో ఒకటి పోస్టుకి తగిలి నా వీపు మీద పడి బయటికి పోయింది. దాన్ని ఆపడం అనకూడదు.’’

ఎవరో నవ్వబోయి మానేశారు.

‘‘నౌషాద్ ఆ రోజు ఒకటి ఆపాడు. నేనుంటే అదీ లోపలికే పోయేది. సార్ చేసింది కరెక్టేనండి.’’

చెంచురామయ్య కళ్ళజోడు తీసి చూశాడు. ‘‘మరి నీకు బాధ లేదా అయ్యా?’’

హనీఫ్ నిజంగానే కాసేపు వెతుక్కున్నాడు. ‘‘తెలీడం లేదండి,’’ అన్నాడు.

కోచ్‌ని ఉంచారు. బయటికొచ్చాక శ్యాంప్రసాద్ సైకిల్ నడిపించుకుంటూ వెంట వచ్చాడు. కాలువ వంతెన దగ్గర ఆగారు.

‘‘ముందే చెబితే ఆటంతా అదే ఆలోచిస్తావని చెప్పలేదు,’’ అన్నాడు శ్యాంప్రసాద్.

‘‘అవునండి. ఆలోచించేవాణ్ణే.’’

‘‘ఇంకోటి. ఇదైనా ముందే చెబుతాను. వచ్చే సీజనుకి నౌషాద్ మొదటి నుంచి ఆడతాడు. నువ్వు బెంచీ మీద ఉంటావా?’’

‘‘ఉంటానండి.’’ ఎందుకు ఒప్పుకున్నాడో అతనికే తెలియదు. వద్దనడానికి ఎక్కువ మాటలు కావాలి, అంతే కావచ్చు.

2008 నవంబర్లో రేపల్లెలో సెమీఫైనల్. హనీఫ్ పన్నెండో నంబరు బనియను వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఆటని ఒక చివర నుంచే చూశాడు, అందరి వీపులూ చూస్తూ. పక్క నుంచి చూస్తే వేరేగా ఉంది. ఎవరి అడుగు బరువెక్కుతోందో, ఎవరు బంతి రాకూడదని కోరుకుంటున్నారో ఇక్కణ్ణుంచి తెలుస్తోంది. తెనాలి ఒక గోలు ముందుంది.

ఎనభై రెండో నిమిషంలో శ్యాంప్రసాద్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ‘‘హనీఫ్, లే. చివరి మార్పు నీకే ఉంచాను. ఈ ఎనిమిది నిమిషాలు నువ్వు కాయి. రేపల్లెలో నువ్వంటే జనానికి అభిమానం.’’

హనీఫ్ లేచి రెండు గ్లవ్స్‌లో ఒకటి వేసుకున్నాడు. రెండోది వేసుకోబోతూ గ్రౌండు వైపు చూశాడు.

‘‘సార్, ఎడమ పక్క హాఫ్ ఆడేవాణ్ణి చూడండి. ఇందాకట్నుంచి పిక్క పట్టుకుంటున్నాడు. మూడుసార్లు వాడి మీద నుంచే వచ్చారు. వాణ్ణి తియ్యండి.’’

‘‘తీస్తే నీకు ఛాన్సు లేదు.’’

‘‘గోలు దగ్గర నౌషాద్ ఉన్నాడుగా. నేనెందుకండి?’’

శ్యాంప్రసాద్ అతని మొహంలోకి చూసి, పలకాయనకి అంకె మార్చమని చెప్పాడు. ఒకటి చెరిపి ఆరు రాశారు. కొత్తగా దిగినవాడు ఆ ఎనిమిది నిమిషాలు ఎడమ పక్క ఎవర్నీ రానివ్వలేదు. గెలిచారు. అందరూ లోపలికి పరిగెత్తారు. హనీఫ్ చేతికున్న ఒక్క గ్లవ్ తీసి సంచిలో పెట్టుకుని, బెంచీ కిందున్న సీసాలు ఏరాడు.

తెనాలి బస్సులో వెనక సీట్లవాళ్ళు పాటలు ఎత్తుకున్నారు. వేమూరు దాటుతుండగా హనీఫ్ సంచిలోంచి గ్లవ్స్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏడాది కింద రావలసిన కోపం ఇప్పుడు, గెలిచిన రోజు, ఈ బస్సులో వచ్చింది. తనని తీసినందుకు కాదు. అది కరెక్టే. ఆ రోజు పొద్దున్నించీ తనకి తప్ప ఇద్దరికి తెలిసి ఉండడం, ఆ తెలియనితనంతో తను ఒళ్ళు దాచుకోకుండా ఒంగోలు ఫార్వర్డ్ కాళ్ళ మీద పడి బంతి లాక్కోవడం.

లేచి, రాడ్డు పట్టుకుంటూ ముందు సీటు దాకా వెళ్ళాడు.

‘‘సార్.’’

శ్యాంప్రసాద్ పుస్తకంలోంచి తలెత్తాడు.

‘‘బాపట్లలో నాకు చెప్పాల్సింది సార్.’’ గొంతు అతనిది కానట్టు పెద్దగా వచ్చింది. వెనక పాట ఆగిపోయింది. ‘‘చెడగొట్టేవాణ్ణేమో. అయినా చెప్పాల్సింది. పధ్నాలుగేళ్ళు కాశాను.’’

శ్యాంప్రసాద్ పుస్తకం మూసి, ‘‘చెప్పాల్సింది,’’ అన్నాడు. జరిగి పక్కన చోటిచ్చాడు.

‘‘కూర్చో భాయ్, బ్రేకేస్తే పడతావు,’’ అన్నాడు కండక్టరు.

హనీఫ్ కూర్చోలేదు. కళ్ళు తుడుచుకోవడానికి ఒక చెయ్యి, రాడ్డుకి ఒక చెయ్యి వాడుకుంటూ, తెనాలి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు.