రేకు కప్పుకున్న కళ్లజోడు

నేను ఒక సోడాబుడ్డి కళ్లజోడును. జోడు అన్నది ఇప్పుడు మర్యాదకే లెండి, నాకు కుడివైపు అద్దం లేదు. అదెలా పోయిందో చెబుతా వినండి.

రాజమండ్రిలో ఒక చిన్న దుకాణంలో నా అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించారు. అక్కణ్ణుంచి నేరుగా ఆత్రేయపురం పేరంటాలమ్మ ముక్కెక్కాను. ఆవిడ పూతరేకులు తీస్తుంది. పొయ్యి మీద బోర్లించిన కుండ వేడెక్కాక, బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను దానిమీద ఒక్కసారి పరిచి లాగుతుంది. అంతే, రేకు తయారు! ఊదితే ఎగిరిపోయేంత పల్చన. బాబోయ్, అన్నేళ్లు ఆవిడ ముక్కు మీదే కూర్చుని చూశానా, ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు.

రెండేళ్ల కిందట ఆవిడకు రేకులు పచ్చగా కనబడ్డం మొదలెట్టాయి. ఇంకేముంది, కోడలు కుమారికి మూడింది.

"పసుపు చేత్తో పిండి కలిపేవా? అసలు బియ్యం కడిగేవా?"

కుమారి పాపం కడిగిన బియ్యమే మళ్లీ కడిగేది. పేరంటాలమ్మ బియ్యాన్ని అనుమానించింది, కోడల్ని అనుమానించింది, నన్ను కూడా చీరకొంగుతో గీతలు పడేలా తుడిచింది. తన కంటిని మాత్రం పల్లెత్తు మాట అనలేదు. మనుషుల తీరే అంత. చివరికి కుమారే పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయన్నారు. ముందు కుడికన్నుకి ఆపరేషన్ చేశారు. ఆ కంటికిక నాతో పనిలేదని కుడి అద్దం ఊడదీశారు. పొగ దగ్గరికి వెళ్లొద్దన్న రోజులు గడిచాక, ఆవిడ నన్ను పెట్టుకుని ఉత్సాహంగా కుండ ముందు కూర్చుంది.

"కుమారీ! రెండు కుండలున్నాయేటే!"

ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. లేని కుండ మీద గుడ్డ పరవబోయి ఉన్న కుండకి చెయ్యి కాల్చుకుంది. పోనీ నన్ను తీసేద్దామంటే ఎడంకన్ను గుడ్డిదైపోయినట్టుందని గోల. నాకు ఏడుపొచ్చింది గానీ, ఏడవడానికి నాకు కళ్లేవి?

"నా పని పోయిందే. రెండో కన్ను ముట్టుకోనిస్తే ఒట్టు!" అని ఆవిడ ఏడ్చేసింది.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "ఆపరేషన్ చెడలేదమ్మా. కుడికంటికి ఉన్నది ఉన్నట్టు కనబడుతోంది. ఎడంకంటికి ఈ మందపాటి అద్దంలోంచి చిన్నదిగా కనబడుతోంది. ఆ రెండు బొమ్మలూ కలవట్లేదు. రెండో కన్ను కూడా చేస్తే కలుస్తాయి. అందాకా ఈ అద్దానికి మసక కాగితమేదైనా అంటించుకోండి."

ఇంటికొచ్చాక కుమారి కాగితం వెతకలేదు. ఒక రేకుముక్క తడిపి నా ఎడమ అద్దానికి అతికించేసింది. "మనింట్లో ఉన్న కాగితం ఇదే అత్తా!"

ఆహా, ఏం చెప్పను! ఎడంకన్ను రేకు కప్పుకుని పడుకుంది. రెండో కుండ మాయమైంది. పేరంటాలమ్మ భయపడుతూనే గుడ్డ పరిచి లాగింది. రేకు లేచింది. దాన్ని చూసి కోడలివైపు తిరిగింది.

"ఈ పిండి ఎవరు కలిపేరే?"

"నేనే అత్తా." కుమారి తిట్లకి సిద్ధపడింది.

ఆవిడ నన్ను నుదుటి మీదికి నెట్టి, రేకును మొహానికి దగ్గరగా పట్టుకుంది. కుడికన్ను మూసి చూసింది, పచ్చగా ఉంది. ఎడంకన్ను మూసి చూసింది, అప్పుడే పితికిన పాలలా ఉంది. మళ్లీ అటు, మళ్లీ ఇటు. రేకు ఒక్కటే.

"ఎంత తెలుపే, కుమారీ! ఇంత తెల్లటి రేకు పట్టుకుని ఏడాదంతా నిన్ను ఊరికే తిట్టేనే! పద, డాక్టరమ్మ దగ్గరికి. ఈ రెండోది ఇంకా అబద్ధమే చెబుతోంది."

ఆ కన్ను కూడా బాగైంది. నేను అలమరలో ఖాళీ మిఠాయిపెట్టెలోకి చేరాను. నా మీది రేకును చీమలు కొద్దికొద్దిగా తినేశాయి. పెట్టె మూత ఎవరూ వెయ్యలేదు కాబట్టి, ఉన్న ఒక్క అద్దంలోంచి అన్నీ చూస్తుంటాను.

నిన్న పేరంటాలమ్మ ఒక రేకు తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. దానికి అవతల కుమారి నిలబడి ఉంది. ఆవిడ ఎంతకీ రేకు దించదు.

"రేకు బాగా వచ్చిందా అత్తా?"

"రేకెవరు చూస్తున్నారే," అంది పేరంటాలమ్మ.