పదకొండో పెట్టె

ఉదయం ఏడు గంటలు. సన్నగా వాన. తడిగాలికి అట్టపెట్టెలు మెత్తబడతాయని తల్లి ముందుగదిలో ఫ్యాను వేసుకుని పింగాణీ కప్పులకి కాగితం చుడుతోంది. కప్పుకి రెండు చుట్లు, పిడికి విడిగా ఒకటి. పెట్టెలో పెట్టాక చెవి దగ్గర ఊపి చూస్తుంది. లోపల ఏమాత్రం చప్పుడైనా మళ్లీ విప్పాల్సిందే.

రంగులు వేసేది ఆమే, ఆన్‌లైన్‌లో అమ్మేదీ ఆమే. కూతురు కొరియర్ వ్యాను నడుపుతుంది కాబట్టి పెట్టెలు ఆ వ్యానులోనే బయల్దేరతాయి. టేపు అంటించాక తల్లి ప్రతి పెట్టె మీదా అరచేయి ఆనించి, "వెళ్లిరా" అంటుంది.

"అమ్ముకున్న సరుకుని వెళ్లిరమ్మంటావేంటే, విడ్డూరం కాకపోతే!" అంటూ ఆ ఇంట్లోనే ఉండే ఆమె ఆడబిడ్డ ఎప్పుడూ ఎగతాళి చేసేది. "పో అను. పోయి కొన్నవాళ్లింట్లో పడుంటుంది."

"ఎవర్నీ పొమ్మనకూడదు వదినా."

చేరాల్సిన చోటికి చేరిన పెట్టెలు అక్కడే ఉండిపోయేవి. దారి తప్పినవీ చితికిపోయినవీ మాత్రం ఇంటికి తిరిగొచ్చేవి. నడుస్తుండగా చూసినవాళ్లు లేరు. చూపు తిప్పుకుని మళ్లీ చూసేసరికి ఓ గజం ముందుకొచ్చి ఉండేవి, అంతే. "మీ పెట్టె ఒకటి మలుపులో అలుపు తీర్చుకుంటోందమ్మా, సాయంత్రానికి వచ్చేస్తుంది," అని ఎదురింటి దర్జీ కబురు చెప్పేవాడు. తల్లి దాన్ని తుడిచి, ఆరబెట్టి, ఫొటో తీసి, కొన్నవాళ్లకి క్షమించమని రాసి, ఇంకో కప్పు పంపేది.

ఆ ఉదయం గొడవ కూడా ఒక కప్పు గురించే. ఎవరో ఒకావిడ పిడి విరిగిన కప్పు ఫొటో పంపింది. పెట్టె ఫొటో కూడా కావాలంటే, చెత్తలో పారేశానంది. పెట్టె లేకపోతే తప్పు చుట్టినవాళ్లదో మోసినవాళ్లదో తేలదు. నష్టం కట్టివ్వడానికి కొరియర్ ఆఫీసు ఒప్పుకోదు.

"నేను చుట్టింది విరగదు. నువ్వే గుంతల్లో ఎగరేసి ఉంటావు," అంది తల్లి.

"ఆ, దారంతా నీ కప్పులతో బంతాట ఆడుకుంటూ వెళ్తా మరి!" కూతురు పెట్టెలు వ్యానులోకి ఎక్కిస్తూ అంది. "వాటికి చెమ్మ తగలకుండా ఫ్యాను వేశావు. ఈ వానలో నేను కొండదారి ఎక్కుతున్నా. ఒక్క మాట అడిగావా?"

"ఎక్కమని నేను బతిమాలానా? పోతే పో."

నోరు జారింది. అప్పుడే పదకొండు పెట్టెలకి పదకొండుసార్లు వెళ్లిరా అని చెప్పిన నోరు. తల్లి కత్తెర కింద పెట్టి గుమ్మంలోకి వచ్చేసరికి వీధిలో చక్రాల చారలు తప్ప ఏమీ లేవు. ఆ చారల్ని కూడా వాన చెరిపేస్తోంది.

మధ్యాహ్నానికి వాన ముదిరింది. కూతురి ఫోను కలవలేదు. కొరియర్ ఆఫీసు పెద్దాయనే ఫోను చేశాడు. "కొండ మీద మట్టి జారిందమ్మా. మనవాళ్లు పైన వెతుకుతున్నారు. ఎక్కడో ఆగి ఉంటుంది, గాభరా పడకండి."

తల్లి అన్నం కలిపి, ముద్ద ఎత్తలేక, చేయి కడిగేసుకుంది.

మూడింటికి దర్జీ వీధిలోంచి కేకేశాడు. "అమ్మా! మీ పెట్టెలు! ఒకటి కాదు, వరసగా వస్తున్నాయి!"

పెట్టెలకి నడుముదాకా బురద. మీద ఉదయం తను అంటించిన చీటీలే. మామూలుగా రెండు మూడు రోజులు పడుతుంది వాటికి. ఇవాళే వచ్చాయంటే ఎంతో దూరం నుంచి కాదు. తల్లి లెక్కపెట్టింది. పది. మళ్లీ లెక్కపెట్టినా పదే.

ఎత్తి లోపల పెట్టింది. తువ్వాలు తెచ్చేసరికి మళ్లీ మెట్ల మీద ఉన్నాయి, పదీ వీధివైపు తిరిగి.

ఆడబిడ్డ ఈసారి ఎగతాళి చేయలేదు. చెప్పులు తెచ్చి మరదలి కాళ్ల ముందు పెట్టింది. "ఇవి ఇంటికి రాలేదే. నీ కోసం వచ్చాయి. బయల్దేరు."

ఫోను చేస్తే పెద్దాయన జీపు తెచ్చాడు. తల్లి ఒక పెట్టెని ఒళ్లో పెట్టుకుంది. దారి చీలే చోట జీపు ఆగింది.

"వెతికేవాళ్లంతా పైనే ఉన్నారమ్మా. పైకి పోదామా?"

"ఒక్క క్షణం అటు చూడండి. మనం చూస్తుంటే అది కదలదు."

పెద్దాయన బుద్ధిగా కళ్లు మూసుకున్నాడు. తల్లీ మూసుకుంది. తెరిచేసరికి పెట్టె ఎడమకి తిరిగి ఉంది, కిందికి, వాగువైపు.

వ్యాను వాగు ఒడ్డున పొదల్లోకి ఒరిగి, సగం నీళ్లలో ఉంది. వెనక తలుపు తెరుచుకుని ఉంది. కూతురి కాలు సీటు కింద ఇరుక్కుపోయింది, నీళ్లు గడ్డందాకా వచ్చాయి. మెడ కింద పదకొండో పెట్టె. నీళ్లలో నానుతున్నా మెత్తబడలేదు. తలని పైకెత్తి పట్టుకుని ఉంది.

పెద్దాయన సీటు పెకలించి పిల్లని బయటికి లాగాడు. అప్పుడు విడిపోయింది పెట్టె, పొరలు పొరలుగా.

కూతురు పళ్లు టకటకలాడుతుండగా అంది, "మిగతావి వెళ్లిపోయాయమ్మా. అదొక్కటే వెళ్లమన్నా వెళ్లలేదు. లోపల కప్పు పగిలింది. ఫొటో తీసుకో." కాస్త ఊపిరి పీల్చుకుంది. "అట్ట మాత్రం పారేయకు. మళ్లీ నా మీదే పడతావు."

తల్లికి నవ్వొచ్చింది. అది ఏడుపై ఎక్కడ బయటపడుతుందోనని నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

దీపాలు పెట్టే వేళకి వాన తెరిపిచ్చింది. కట్టు కట్టించుకొచ్చిన కాలిని దిండు మీద చాపుకుని కూతురు ముందుగదిలో నిద్రపోతోంది. ఆడబిడ్డ ఫ్యాను కొంచెం తగ్గించింది. తల్లి తువ్వాలు పట్టుకుని గోడవార చేరిన పెట్టెలతో మొదలుపెట్టింది. తుడిచి, అరచేయి ఆనించి, ఒకటి. రెండు. పది దాకా వచ్చి, గుడ్డలో మూటకట్టి తెచ్చిన తడి అట్టముక్కల్ని విప్పి పరిచింది. పదకొండు.

తర్వాత కూతురి నుదుటి మీద అరచేయి పెట్టి, వెచ్చదనం తగిలేదాకా తీయలేదు.

పన్నెండు.