పిల్లల మోతాదు

మందుల డబ్బాల్లో మడిచి పెట్టే కాగితాలు తయారుచేయడం మావయ్య ఆఫీసు పని. కంపెనీలు పంపిన సమాచారాన్ని కాగితంగా మార్చే మూసను, అంటే కంప్యూటర్ ప్రోగ్రామును, ఆయనే రాశాడు. ఆ సమాచారం పెట్టెలో పెట్టె, దానిలో ఇంకో పెట్టెగా వస్తుంది. మూస పై పెట్టెను తెరిచి, లోపలివాటి కోసం మళ్లీ తననే పిలుచుకుంటుంది. దాని మీద ఇంకొకరి చెయ్యి ఆయన పడనివ్వలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. తన దగ్గరే పనిచేసే మేనకోడలికి ఈ విద్య నేర్పిందీ ఆయనే, కాబట్టి ఆ మొండితనం ఆమెకూ అంటింది.

ఆ ఉదయం పిల్లల జ్వరం మందు కాగితం చూసి ఆమె గతుక్కుమంది. పైన 'పిల్లలకు' అనే ఉంది. లోపలి పట్టికలో మాత్రం పెద్దవాళ్ల మోతాదు.

వెతికితే తేలింది. 'ఇది పిల్లల కాగితం' అన్న మాటను పైనుంచి కిందిదాకా ప్రతి పిలుపులోనూ అందిస్తూ పోవాలి. మధ్య పెట్టెకు ఆ మాటతో పని లేకపోయినా లోపలి పెట్టెల కోసం మోయాల్సిందే. మావయ్య మూస తనను తాను పిలుచుకునేటప్పుడు దాన్ని వదిలేస్తోంది. మాట అందకపోతే లోపల ఎవరూ అడగరు, ఆగరు; 'పెద్దవాళ్లే' అనుకుని చల్లగా పని కానిచ్చేస్తారు. అలా అనుకోమని రాసిపెట్టిందీ ఆయనే. పెద్దవాళ్ల మందులే వచ్చినన్నాళ్లూ తప్పు బయటపడలేదు. పిల్లల మందులు నిన్ననే మొదలయ్యాయి.

ఆమె ఎవరినీ అడగలేదు. మూస తెరిచి, మాటను కిందికి అందించే వరుస చేర్చింది. 'పెద్దవాళ్లే' అని ఊరికే అనుకోవడాన్ని కొట్టేసి, మాట అందకపోతే పనే ఆగిపోయేలా చేసింది. అయితే నిన్నటి కాగితాలు అప్పటికే ప్రెస్సుకు వెళ్లిపోయాయి.

మావయ్య వచ్చి, మూసలో కొత్త వరుస చూసి ఎర్రబడ్డాడు. తప్పు కాదనలేదు. ఇకముందు సరిగ్గా వస్తాయి కదా, నిన్నటివాటిని కదిలిస్తే కంపెనీ మన ముఖం చూడదు, ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెడతావా అని గొంతు తగ్గించి కసిరాడు.

"ఎంత వెయ్యాలో డాక్టరు చెప్తాడే. ఆ కాగితం ఎవడు చదువుతాడు?" అన్నాడు చివరికి.

ఆమెకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ ఒక్క చుక్క తేడా వచ్చినా తన చేత మళ్లీ చేయించింది ఈ మనిషేనా?

"ఎవరూ చదవకపోతే మనం ఎందుకు రాస్తున్నాం మావయ్యా?"

ఆమె ఫోన్ తీసి ప్రెస్సుకు కలిపింది. ఈ పని మానుకోకపోతే రేపటి నుంచి ఆఫీసు గడప తొక్కొద్దన్నాడు మావయ్య. ఆమె వింటూనే నిలబడింది. అవతల ప్రెస్సాయన ఎత్తాడు. నిన్నటి పిల్లల మందు కాగితాలన్నీ ఆపమని, వెళ్లినవి వెనక్కి రప్పించమని చెప్పింది.

ప్రెస్సాయన నసిగాడు. "మీ మావయ్యగారికి తెలుసా అమ్మా?"

"పక్కనే ఉన్నారు, వింటున్నారు. మీరు ఆపండి."