పాఠం వెనక నాలుగో ప్రశ్న

పొద్దున ఆరు గంటలకు మునిస్వామి టిప్పర్‌ని వెనక్కి నడిపి, సొన్నమ్మ కొత్తిమీర మడి మీద మట్టి దించేశాడు. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కూలగొట్టిన ఇళ్ల మట్టి అది. అందులో ఇటుకలు, పగిలిన టైల్సు, వంగిన చువ్వలు. ఆనేకల్ దగ్గరి తమ ఊరి చెరువును అతనూ ఇంకో ఐదుగురు డ్రైవర్లూ నెల రోజులుగా పూడుస్తున్నారు. చెరువు అంచున ఆకుకూర పండించుకునే సొన్నమ్మ కొడవలితో పరుగున వచ్చేసరికి సగం మడి కనపడకుండా పోయింది.

"ఏమప్పా మునిస్వామీ, నిన్న నీళ్లు కట్టిన మడప్పా అది. కండ్లు కానరావా నీకు?"

"నన్నేం చేయమంటావక్కా? నేను పొయ్యకుంటే ఇంకొకడు పోస్తాడు."

కూలివాడికి యజమాని మొట్టమొదట నేర్పే మాట అది. మునిస్వామి దాన్ని బాగానే నేర్చుకున్నాడు. బండి తిప్పుకుని ఇంకో లోడుకు పోయాడు.

అతని కూతురు మేఘన ఊరి సర్కారు బడిలో ఏడో తరగతి. ఆ వారం కాత్యాయని మిస్సు ఎండిన చెరువులో దిగిన కొంగ కథ చెప్పింది. పాఠం వెనక నాలుగో ప్రశ్న: మీ ఊరి చెరువు గురించి పెద్దల్ని అడిగి రాయండి. ఏటా పిల్లలు దానికి గైడులోది దించేసేవాళ్లు. ఈసారి మిస్సు గైడులు మూయించి, "పోయి చూసి రాయండి" అంది. పిల్లలు పోయారు, చూశారు, చూసింది చూసినట్టు రాశారు. బండ్ల నంబర్లు కూడా రాశారు.

ఇంటిపని కింద ఇంట్లో పెద్దవాళ్లొకరు సంతకం పెట్టాలన్నది ఆ బడి ఆనవాయితీ. ముద్ద కలుపుతున్న మునిస్వామి, చదవకుండానే ఎడమచేత్తో గీకి పుస్తకం కూతురికి ఇచ్చేశాడు. ఆ తరగతి పిల్లల ముప్పై ఒక్క ఇళ్లలోనూ అదే జరిగింది.

మిస్సు ఆ పేజీలను బడి గోడకు అంటించింది. ఎవరో ఫోటోలు తీసి తాలూకా ఆఫీసుకు పంపారు. ముప్పై ఒక్క సంతకాలున్న ఫిర్యాదు అనుకున్నారు అక్కడివాళ్లు. ఒక్కరోజు పని ఆగింది. ఆ ఒక్కరోజుకే మట్టి పోయిస్తున్న కాంట్రాక్టర్ జయరామప్పకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు తల్లిదండ్రులందరినీ బడికి రప్పించారు. బల్ల దగ్గర జయరామప్ప, పక్కన ఎస్సై. బల్ల మీద టైపు చేసిన కాగితం: టీచర్ పిల్లల్ని బెదిరించి రాయించింది, మాకేమీ తెలియదు.

"మునిస్వామి మనోడే. ముందు నువ్వు పెట్టప్పా," అన్నాడు జయరామప్ప.

మునిస్వామి కాగితం వైపు చూశాడు. పెడితే మిస్సు జైలుకు పోతుంది. పెట్టకపోతే బండి పోతుంది, ఇల్లు గడవదు. గోడవారన నిలబడ్డ మిస్సు అతన్ని ఏమీ అడగలేదు. అదే అతనికి భరించరానిదయింది.

"మా పాప ఏం రాసిందో ఒకసారి చూస్తా సార్."

గోడ దగ్గరికి పోయి మొదటిసారి చదివాడు. 'మా తాత మా నాయనకు ఈ చెరువులోనే ఈత నేర్పినాడు. ఇప్పుడు మా నాయన దీంట్లో మట్టి పోస్తాడు. రాత్రి ఇంటికొచ్చి ఎవురితోనూ మాట్లాడడు.'

అతనికి ఏడుపొచ్చింది. అంతమందిలో సిగ్గేసింది కూడా.

"పాప రాసింది నిజమే సార్. ఆ కాగితం మీద నేను పెట్టను."

"రేపట్నుంచి బండి ఎక్కొద్దు," అన్నాడు జయరామప్ప.

"సరేప్పా."

గార్మెంట్స్‌లో పనిచేసే జరీనా లేచింది. "మా వాడు రాసిందీ నిజమే. నేనూ పెట్టను." వెనకనించి సొన్నమ్మ, "మా మనవడిదానికి నేనేప్పా వేలిముద్ర వేసింది. మళ్లీ వెయ్యమంటే మళ్లీ వేస్తా," అంది. ఒక్కరూ బల్ల దగ్గరికి పోలేదు.

ఎస్సై టోపీ పెట్టుకున్నాడు. "మంచిది. మేడమ్, విచారణ ఉండాది, స్టేషనుకు రండి."

అడ్డం పడ్డవాళ్లను కానిస్టేబుళ్లు రెక్కలు పట్టి లాగేశారు. జీపు వెళ్లిపోయింది. జనమంతా నడిచి పోయి స్టేషను ముందు కూర్చున్నారు. మధ్యాహ్నమైంది, మిస్సును వదల్లేదు. కానిస్టేబులొకడు నవ్వుతూ, "మీరు ఊరికే ఈడ కూసోనుండారు. ఆడ పొద్దున్నించీ ఆరు బండ్లూ మట్టి తోలుతుండాయి, మునిస్వామి బండికి ఇంకొకడిని పెట్టినారు," అన్నాడు.

ఇటు మిస్సు, అటు చెరువు. ఉన్నది వీళ్లే.

"సగంమంది మిస్సు కోసం ఉండండి. సగంమంది నాతో రండి," అంది సొన్నమ్మ, మోకాళ్లు పట్టుకుని లేస్తూ.

పదహారుమంది చెరువు దారి పట్టారు. చెరువులో నీళ్లు ఓ మూలకు పోయి ఉన్నాయి. ఈ మనుషులతో, ఉత్త చేతులతో దేన్నీ ఆపలేమని మునిస్వామికి తెలుసు. లోడుతో ఉన్న టిప్పర్ బ్రేకు వేశాక ఎంత దూరంలో ఆగుతుందో కూడా తెలుసు.

మలుపులో మొదటి బండి హారన్ వినపడింది. అతను దారి మధ్యకు పోయి కూర్చున్నాడు. జరీనా వచ్చి పక్కన కూర్చుంది. మిగతావాళ్లు వాళ్ల వెనక సర్దుకున్నారు.