పిండి డబ్బా వెనక బిస్కెట్లు

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. పాడైన లిఫ్టు దగ్గరికి వెళ్లేవాడికి మెట్లే గతి కనుక రోజూ ముప్ఫై నలభై అంతస్తులు ఎక్కి దిగుతారు. అయినా పొట్ట చెక్కుచెదరలేదు. నా పొట్ట సంగతి ఎత్తకపోవడమే మర్యాద. ఇద్దరం కలిసి తగ్గుదామనుకున్నాం. చదువుకున్నదాన్ని కదా, చట్టం నేనే రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను: నడిచి కరిగించింది తిరిగి తినకూడదు.

మూడో రోజుకే ఆ చట్టం ఆయన ఒక్కరికే మిగిలింది.

పొద్దున్నే ఇద్దరం నడిచి రాగానే, రెండొందల కేలరీలు కరిగాయని అడుగులు లెక్కపెట్టే నా చేతి పట్టీ చూపించేది. కరిగినవి నావే కదా, నేను తింటే ఎవరికేం? ఆయన పనికి వెళ్లగానే పిండి డబ్బా వెనక నుంచి బిస్కెట్ ప్యాకెట్ బయటికి వచ్చేది. పైగా పట్టీకి కాలికీ చేతికీ తేడా తెలియదని కనిపెట్టాను. గుడ్లు గిలకొట్టినా నడకే, దుప్పట్లు దులిపినా నడకే. ఓ మధ్యాహ్నం ఊగే కుర్చీలో కూర్చుని కిలోమీటరు నడిచాను. దానికీ రెండు బిస్కెట్లు.

నెల తిరిగేసరికి ఆయన నాలుగు కేజీలు తగ్గారు. నేను ఒకటి పెరిగాను.

"ఇదేంటే? నాతోపాటే కడుపు మాడ్చుకుంటున్నావుగా?" అన్నారు, వంగి తూకం ముల్లు చూస్తూ.

"గాలి పీల్చినా ఒళ్లొచ్చే శరీరమండీ నాది."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

మర్నాటి నుంచి ఆయన లంచ్ బాక్సు సగం నిండుగానే వెనక్కి వచ్చేది. "ఆకలి లేదు, నువ్వు తినెయ్" అనేవారు. తినేసేదాన్ని. పారేయడం పాపం కదా.

పది రోజులకి నన్ను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లారు. ఏం తింటారమ్మా అని ఆవిడ నన్ను అడిగితే జవాబు ఆయన చెప్పారు.

"పక్షి తిండండీ. నడిచొచ్చాక మంచినీళ్లు తప్ప ముట్టదు. అయినా ఒళ్లొస్తోంది, ఏ జబ్బోనని, నీరసించిపోతుందేమోనని భయం. అందుకే నా బాక్సులో సగం మిగిల్చి తెస్తున్నాను. నాకు ఆకలి లేదంటేనన్నా తింటుందని."

డాక్టరమ్మ ఆయన చేతివైపు చూసింది. "మీకెందుకు వణుకుతోంది?"

"అబ్బే, ఏం లేదు. నిన్న ఏడో అంతస్తులో కాస్త కళ్లు తిరిగాయి. కమ్మీ పట్టుకున్నాలెండి."

ఆ మాట నాకూ అప్పుడే తెలిసింది. ఆయన పనిచేసేచోట కమ్మీకి అవతల ఉండేది ఏడంతస్తుల లోతున్న లిఫ్టు గొయ్యి.

డాక్టరమ్మ నాకు రక్తపరీక్ష రాసింది. నర్సు పట్టీ తీయించి, మోచేతి పైన రబ్బరు ట్యూబు కట్టింది. "భయపడకు, నేను పట్టుకుంటాగా" అని ఆయన నా రెండో చెయ్యి పట్టుకున్నారు.

"ఆగండి," అన్నాను. "బిస్కెట్లు."

"ఏ బిస్కెట్లే?"

"పిండి డబ్బా వెనకవి. రోజుకి ఎనిమిది."

నర్సు సూది పక్కన పెట్టింది. నేను ఊగే కుర్చీతో సహా అంతా చెప్పాను. ఎవరైనా నవ్వితే బాగుండుననిపించింది.

"మెట్లెక్కే మనిషి కరిగించినదాంట్లో కొంత తిరిగి తినాల్సిందే," అంది డాక్టరమ్మ ఆయనతో. నావైపు తిరిగి, "ఆ పట్టీ చెప్పింది మాత్రం మీరు సగం కూడా నమ్మకండి" అంది.

ఇంటి మెట్ల దగ్గరికి వచ్చాక ఆయన, "క్రీము బిస్కెట్లా?" అన్నారు.

"ఆఁ."

ఇంట్లోకి రాగానే చట్టం చించేశాను. ఆయనకి అన్నం పెట్టి, ప్యాకెట్ తీసి ముందుంచాను. ఒకటే మిగిలింది. ఆయన దాన్ని తుంచి సగం నావైపు జరిపారు, అలవాటుకొద్దీ.

నోట్లో పెట్టుకున్నాను. నములుతూనే ఆయన కంచంలో ఇంకో గరిటెడు అన్నం వడ్డించాను.